గౌడోళ్ల మిరపకాయలు

నా గొంతు పెద్దది. సిరిసిల్లలో పుట్టి పెరిగాను, మా నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ చప్పుడులో పక్కన ఉన్న మనిషికి మాట వినిపించాలన్నా అరవాల్సిందే. పెళ్లయి కోరుట్ల దగ్గరున్న ఈ ఊరికి వచ్చాక మా అత్త మొదటి రోజే, "గట్ల ఒర్లుతవేందే, మేం చెవిటోళ్లమా?" అంది. తగ్గించుకోవాలని నిజంగానే చూశాను. కానీ మా ఆయనకు గిర్ని, అంటే పిండిమర, ఉంది. పిండి ఒక పక్క, కారం ఒక పక్క. ఆ గిర్ని తిరుగుతుంటే మళ్లీ అదే గొంతు కావాల్సి వచ్చింది. సరే, దేవుడిచ్చిన గొంతు, ఉండనీ అని వదిలేశాను. ఎందుకిచ్చాడో ఈ మధ్యనే తెలిసింది.

మా ఆయన పూర్తిగా నాకు భిన్నమైన మనిషి. నోట్లో నాలుక లేదు. జగిత్యాల బస్సులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే ఆయనే "తప్పైంది" అంటాడు. ఆయన ఎవరితోనైనా, దేన్నైనా వద్దనగా నేనెప్పుడూ వినలేదు. చల్లారిన చాయ్ ఇచ్చినా తాగుతాడు, ఉప్పు లేని కూర పెట్టినా తింటాడు. మా మందిరంలో ఆయన సంఘపెద్ద. అంత మెత్తటి మనిషిని పెద్దను చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని చేశారని నా అనుమానం.

మందిరమంటే గోపురం, గంట ఊహించుకోవద్దు. ఊరి చివర రేకుల షెడ్డు. కొన్ని కుటుంబాలవాళ్లం, కోరుట్ల నుంచి ఆదివారం ఆదివారం స్కూటర్ మీద వచ్చే పాస్టరయ్య. అంతే. ఆ షెడ్డు ఎట్లా లేచిందంటే, మా ఆడవాళ్లం పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున డబ్బాలోకి తీసిపెట్టేవాళ్లం. ఇంట్లో సరిపోను లేని రోజున కూడా తీశాం. ఆ బియ్యం అమ్మి అమ్మి గోడలు లేపాం, రేకులు వేశాం. కూలీనాలీ చేసుకునే ఆడవాళ్ల పిడికిళ్లే ఆ గోడలు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ షెడ్డంటే నాకు లెక్కలేదని తరవాత కొందరన్నారు. నా పిడికిలి కూడా అందులో ఉందని వాళ్లు మరిచిపోయారు.

జాగ మాత్రం ఊరిది. ఊరిదంటే కమిటీది. మా వైపు ఊళ్లలో సర్పంచ్ ఒకాయన ఉంటాడు, అది సర్కారు లెక్క. అసలు మాట నడిచేది గ్రామాభివృద్ధి కమిటీది. గుడికి రంగు, రోడ్డుకు లైట్లు, వాళ్లే చూస్తారు, కాదనను. కానీ కోపం వస్తే ఒక ఇంటిని బంద్ పెడతారు. డప్పు కొట్టించి చాటిస్తారు. ఆ రోజు నుంచి ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. దుకాణంలో ఉప్పు పుట్టదు, ఆటో ఎక్కించుకోరు, క్షవరం చెయ్యరు. మాట్లాడినవాళ్లకు జుర్మానా. కాగితం మీద ఏమీ ఉండదు. పోలీసులు వస్తే, "మేమేం బంద్ పెట్టలే సార్, ఎవ్వల నోరు వాళ్లది" అంటారు. మాట్లాడనందుకు ఎవరి మీద కేసు పెడతారు?

ఈసారి బంద్ మా గౌడన్న ఇంటి మీద పడింది. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి, ఊరి బయట సొంత తాటివనం ఉంది. ఊళ్లో కల్లు ఎవరమ్మాలో కమిటీ వేలం పెడుతుంది, ఆ పైకం కమిటీకి పోతుంది. ఈయన ఎదురు తిరిగాడు. "చెట్లు నావి. ఎక్కేది నేను. పడితే నడుము ఇరిగేది నాది. సర్కారుకు కట్టేది కట్టిన. నడుమ మీరెవ్వలు?" అన్నాడు. రెండో పొద్దుకే డప్పు మోగింది.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. కల్లంటే నాకు పడదు. మా నాన్న మగ్గం దిగితే ఇంటికి రాక ముందే కల్లు దుకాణానికి పోయేవాడు. మా అమ్మ ఆయన కోసం గడపలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. గౌడన్న మీద ప్రేమ పొంగిపోయి నేనేదో చేశానని ఎవరూ అనుకోవద్దు. ఆయన కుండలు చూస్తే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

ఒక మధ్యాహ్నం గిర్నిలో గోధుమలు పడుతున్నాను. గౌడన్న భార్య, నేను వదినె అంటాను, రోడ్డు అవతలి పక్కన నడిచిపోతోంది. నెత్తి మీద మిరపకాయల గంప. నా గిర్ని ముందు నుంచే పోతూ తల కూడా తిప్పలేదు. తిప్పితే నాకు జుర్మానా పడుతుందని. అది నాకు చాలా అవమానమనిపించింది, ఆమెకు కాదు, నాకు. గిర్ని ఆపేసి అరిచాను.

"వదినే! ఏడికి?"

ఆమె ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. "మెల్లగనే వదినే. కోరుట్లకు పోతున్న, కారం పట్టిచ్చుకొస్త. పిలగాడు వచ్చే వారం శుక్రారం దుబాయికి పోతున్నడు. తొక్కు పెట్టియ్యాలె, కారప్పొడి కట్టియ్యాలె."

దుబాయికి పోయే పిల్లగాడి సంచిలో మామిడికాయ తొక్కు, ఇంటి కారం లేకుండా మా వైపు ఏ తల్లీ పంపదు. అక్కడ గదిలో పదిమంది మగపిల్లలు కలిసి వండుకుంటే ఆ కారమే కూర.

"ఆటోలెక్కిచ్చుకోరు గదనే, నడిచే పోతున్నవా?" అన్నాను.

"సడక్ దాక నడుస్త. ఆడ బస్సు దొరుకుతది." కొంగుతో మొహం తుడుచుకుంది. "నడుసుడు కాదు వదినే బాధ. కోరుట్ల గిర్నాయన మీ ఊర్ల గిర్ని లేదానవ్వా అంటే ఏం చెప్పాలె?"

కోరుట్లలో గిర్నీలు లేవా అంటే ఉన్నాయి. ఆ మిరపకాయలు నా గిర్నిలో పట్టకపోతే ఆమె కొడుకు ఆకలితో చచ్చిపోడు. కానీ ఆమె ఆ మాట అన్నాక నాకు ముద్ద దిగదనిపించింది.

"ఇటు తే" అన్నాను. దగ్గరికి వచ్చి గంప దించింది. ఒక కాయ విరిచి చూశాను. మెత్తగా ఉంది, పటుక్కున విరగలేదు. మెత్తటి కాయ రాళ్లకు అంటుకుంటుంది, నలగదు. "ఇంక ఎండాలె. సోమారం మిట్టమధ్యాన్నం ఎండ మీదికెల్లి ఎత్తి వేడివేడిగ తే, పడ్త" అన్నాను.

ఆమె కదల్లేదు. "మీ మందిరం జాగ వాళ్లది గద వదినే."

చూడండి, మమ్మల్ని గురించి ఆలోచించింది ఆమె ఒక్కతే. "నువ్వు మిరపకాయలు ఎండవెట్టు, మందిరం సంగతి మందిరపోళ్లు చూస్కుంటరు" అని పంపించాను. నా గొంతు తెలిసిందే కదా. ఆ సంభాషణ వీధి చివరి దాకా అందరూ విన్నారు.

శనివారం కమిటీ అధ్యక్షుడు మా ఆయనను పట్టుకున్నాడు. పెద్ద ఆసామి, మాట తియ్యగా ఉంటుంది. "బావా, చెల్లెకు చెప్పు. గౌడోళ్ల మిరపకాయలు గిర్నిల పడ్డయంటే మీ మందిరానికి తాళం పడ్తది. మల్ల నన్ననద్దు" అన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి నీళ్లు కూడా తాగకుండా కూర్చున్నాడు.

"ఏమన్నవ్?" అని అడిగాను.

"తప్పైంది, చెప్తా అన్న."

"ఎవ్వల తప్పు? ఏం తప్పు?" అన్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరూ లేవలేదు. పాస్టరయ్య మంచివాడు, అది ముందే చెబుతున్నాను. వానలో తడిసి, ఎండలో మాడి ఇన్నేళ్లు వచ్చాడు. ఒక్క ఆదివారం తప్పలేదు. ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. "అమ్మా, అధికారంల ఉన్నోళ్లకు లోబడి ఉండాలె. సమాధానంగ బతకాలె. గిన్నేండ్ల కష్టం. కల్లమ్మేటోళ్ల కోసం దేవుని మందిరం పోగొట్టుకుంటమా?"

అటూ ఇటూ "అవునయ్యా, అవునయ్యా" అన్నారు. ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. ఇంకొకామెకు ఉపాయం తోచింది. "అక్కా, గా మిరపకాయలు ఎవ్వలకు తెల్వకుంట ఎన్కకెల్లి తెప్పిచ్చుకో. మా మిరపకాయలల్ల కలిపి పట్టు. ఎవ్వలకు ఎర్కయితది?"

నాకు నవ్వాగలేదు. "ఓ యమ్మా, కారం పడితే వాడకట్టంత తుమ్ముతది. తుమ్మును ఏడ దాస్తవే?" అన్నాను. కొందరు నవ్వారు. పాస్టరయ్య నవ్వలేదు.

"దాసి చేసుడు నాతోని కాదు" అన్నాను. "దాసి చేస్తే, మాట్లాడుడు తప్పే అని ఒప్పుకున్నట్టే. మనిషితోని మాట్లాడుడు తప్పెట్లయితదయ్యా?"

"నీ మనస్సాక్షి నీకు పెద్దదే కావచ్చు బిడ్డా" అన్నాడు పాస్టరయ్య. "నీ ఒక్కదాని మనస్సాక్షి కోసం అందరి మందిరం పోవాలెనా?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. దానికి సుళువైన జవాబు ఉందని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఆ గోడలు నా ఒక్కదానివి కావు. పక్కన ఏడుస్తున్న ఆమె, భర్త చచ్చిపోయి, పిల్లలకు గంజి పోస్తూ కూడా పిడికెడు తీసింది. ఆమె గోడను పణంగా పెట్టే హక్కు నాకెవరిచ్చారు? చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయ్యగారూ, ఇన్నేండ్లు మీరు చెప్పిన వాక్యమే లోపల కూసుండి నన్ను పొడుస్తున్నది. నేను కొత్తగ ఏం నేర్సుకోలే. గుర్తున్నది, గంతే. దాన్ని ఎట్ల లేపి ఎల్లగొట్టాల్నో గది సుత మీరే చెప్పుండ్రి. రేపు గా మనిషి గంప పట్టుకొని నా ముంగట నిలవడితే, ఒర్రి పిలిచిన దాన్ని నేనే మొకం తిప్పుకోవాలె. గట్ల తిప్పుకొని ఆదివారం ఈడికొచ్చి ఏ మొకంతోని పాట పాడాలె?"

పాస్టరయ్య కళ్లు మూసుకుని ముగింపు ప్రార్థన చేశాడు. దాంట్లో మా ఊరి పెద్దల కోసం ప్రార్థించాడు, గౌడన్న ఇంటి కోసం ప్రార్థించలేదు. నేను ఆమెన్ అనలేదు.

ఇంటికి పోతూ మా ఆయన బతిమిలాడాడు. "నువ్వు గిర్ని బంద్ పెట్టి సిరిసిల్లకు పోరాదు, మీ తమ్ముని ఇంటికి. సోమారం ఒక్కనాడు. లేకుంటే అయిపాయె." పాపం, అదే ఆయనకు తోచిన దారి. "తాళం వాళ్లు వేస్తే వాళ్ల పాపం. నా గిర్నికి నేనే తాళం వేస్తే అది నా పాపం" అన్నాను. అరిచే అన్నాను.

సోమవారం ఎండ మండిపోతోంది. వదినె రాలేదు. ఎండ దాటిపోతోంది, కాయలు మెత్తబడతాయి. భయపడిందని తెలిసింది. నేనే పోయాను. వాళ్ల వాకిలి ముందు నిలబడి, "వదినే! మిరపకాయలు ఎండినయా? తెస్తవా, నన్నే ఎత్తుకపొమ్మంటవా?" అని పిలిచాను. పక్కిళ్ల తలుపులన్నీ మూసుకున్నాయి. వెనక కిటికీలు తెరుచుకున్నాయని నాకు తెలుసు. వదినె గంపతో బయటికొచ్చింది. ఇద్దరం నడిరోడ్డు మీద మాట్లాడుకుంటూ గిర్నికి నడిచాం. ఏం మాట్లాడామంటారా? తొక్కులో మెంతిపిండి ఎంత వెయ్యాలో మాట్లాడాం.

గిర్ని మొదలుపెట్టాను. ఎర్రటి కారం వేడివేడిగా కింద డబ్బాలో పడుతోంది. ఘాటు వీధిలోకి పోయింది. ముందు ఒక తుమ్ము, ఆ వెనక ఇంకో తుమ్ము. అంతలో కమిటీవాళ్లు ముగ్గురు వచ్చారు. ముందు అధ్యక్షుడు.

"చెల్లే, గిర్ని బంద్..." అన్నాడు, తుమ్మాడు. "బంద్ చెయ్యి చె..." మళ్లీ తుమ్మాడు. వెనకున్న ఇద్దరూ తువ్వాళ్లు ముక్కులకు పెట్టుకున్నారు.

"కొంచెం దూరం నిలవడి మాట్లాడు అన్నా, కండ్ల పడ్తది" అన్నాను. ఎకసెక్కం కాదు, నిజంగానే పడుతుంది.

"ఊరంత ఒక్క మాట మీదున్నది. నువ్వొక్కదానివి ఊరి కన్న పెద్దదానివా?"

"కాదన్నా. చిన్నదాన్నే. గందుకే గా పెద్ద మాట నాతోని కాలే."

"తాళం పడ్తది, చెప్తున్న."

"వేసుకో. మిరపకాయలు మాత్రం అయిపోయేదాక పడ్త."

చివరి కాయ దాకా పట్టాను. డబ్బా మూత పెట్టి వదినె నెత్తి మీదికి నేనే ఎత్తాను. సాయంత్రానికి మందిరం తలుపుకు తాళం పడింది. మళ్లీ డప్పు మోగింది. ఈసారి మా ఇంటి పేరున.

ఇక ఆ రోజుల గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. గిర్ని ముందు మనిషి రాలేదు. నిన్నటి దాకా నా గల్లా దగ్గర కూర్చుని ముచ్చట్లు పెట్టినవాళ్లు నన్ను చూసి గోడ వైపు తిరిగారు. మా సంఘంవాళ్లే కొందరు కోరుట్లకు పోయి అక్కడి మందిరంలో కూర్చున్నారు. అక్కడ నా గురించి, "అది మొండిది, గర్వమున్నది" అన్నారట. మొండిదాన్నే. గర్వం ఉందేమో దేవుడికి తెలియాలి. ఒంటరిగా కూర్చుని ఏడ్చాను కూడా. ఏడ్చినందుకు మిరపకాయలు పట్టడం తప్పైపోదు. మా ఆయన మాత్రం రోజురోజుకూ సన్నబడిపోయాడు. అలవాటు కొద్దీ ఎదురైన ప్రతివాడికీ నమస్తే పెడతాడు, వాళ్లు పలకరు, చెయ్యి అట్లాగే గాల్లో ఉంటుంది. అది చూసినప్పుడు నాకు కమిటీ మీద కంటే నా మీద కోపం వచ్చేది.

చివరికి కబురొచ్చింది. నేను రానక్కర లేదట. ఇంటి మగమనిషి కమిటీ ముందుకొచ్చి అందరి ముందు ఒక్కసారి "తప్పైంది" అంటే చాలట. తాళం తీస్తారు, బంద్ ఎత్తేస్తారు, జుర్మానా కూడా వద్దట. సంఘంవాళ్లందరూ పరుగెత్తుకొచ్చారు. ఒక్క మాటే కదా, దేవుడు మెత్తటి మనిషిని అందుకే ఇచ్చాడు అన్నారు. మా ఆయన నా మొహం చూశాడు.

"నీ నోరు నీది" అన్నాను. "గని నీ తప్పైంది నా తప్పైంది కాదు. గది నేను ఆడికొచ్చి చెప్త."

గడ్డం గీసుకుని, ఆదివారం తొడుక్కునే తెల్లచొక్కా తొడుక్కుని పోయాడు. పిలవకపోయినా వెనకే పోయాను. పొద్దుగూకే వేళ. కమిటీ గద్దె మీద పెద్దలు కూర్చున్నారు, కింద జనం. గద్దె ముందే రోడ్డు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను గోడ పక్కన నిలబడి నోట్లో మాట సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆ వేళకే గౌడన్న వనం నుంచి తిరిగొస్తాడు. మోపెడ్‌కు రెండు పక్కలా కల్లు కుండలు కట్టుకుని వచ్చాడు. అలవాటైపోయింది కదా, గద్దె మీదవాళ్లు, కిందవాళ్లు అందరూ ఒక్కసారే మొహాలు తిప్పేసుకున్నారు. గౌడన్న ముందుకే చూస్తూ బండి నెమ్మదిగా పోనిస్తున్నాడు.

"ఊ, చెప్పు బావా" అన్నాడు అధ్యక్షుడు.

"తప్పైంది" అన్నాడు మా ఆయన.

అరవడానికి నోరు తెరిచాను. అప్పుడు చూశాను, ఆయన గద్దె వైపు లేడు. రోడ్డు వైపు తిరిగి ఉన్నాడు.

"తప్పైంది బావా" అన్నాడు మళ్లీ, గౌడన్నతో. "నా భార్య నీ ఇంటోళ్లతోని మాట్లాడింది, నేను మాట్లాడలే. ఎదురైతే నేను సుత గిట్లనే మొకం తిప్పుకొని పోయిన. మందిరంల పెద్దమనిషినని ముంగట కూసున్న, గని నీకు నమస్తే సుత పెట్టలే. గదే నా తప్పు. మాఫ్ చెయ్యి."

అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. గౌడన్న బండి ఆపేశాడు. అధ్యక్షుడు "బావా, నిన్ను ఏం చెప్పుమన్నం, నువ్వేం చెప్తున్నవ్?" అన్నాడు. మా ఆయన రోడ్డు వైపు నుంచి తల తిప్పలేదు.

గౌడన్న కుండలను కాస్త పక్కకు జరిపాడు. "ఎక్కు బావా, ఇంటికాడ దింపుత" అన్నాడు.

మా ఆయన ఎక్కాడు. సంఘపెద్ద, తెల్లచొక్కా, కల్లు కుండల మధ్య ఇరుక్కుని, గౌడన్న భుజం పట్టుకుని, అందరి ముందు నుంచి పోయాడు. నేను ఏడుస్తూ వెనక నడిచాను. ఏడుస్తున్నానని దాచుకోలేదు.

తాళం ఇంకా ఉంది. మా మీద బంద్ కూడా ఉంది. వదినె రమ్మంటే ఇప్పుడు ఆదివారం ప్రార్థనకు వాళ్ల తాటివనంలో చాపలేసుకుని కూర్చుంటున్నాం. మొదటి వారం మేమిద్దరమే. రెండో వారం ఆ భర్త లేని ఆమె పిల్లలతో వచ్చింది, పిడికెడు బియ్యం డబ్బా చంకలో పెట్టుకుని.

మా ఆయన తెల్లచొక్కా మీద ఆ రోజు కల్లు ఒలికింది. సబ్బు పెట్టి ఎంత ఉతికినా పుల్లటి వాసన పోలేదు. ఆదివారం పొద్దున, "గిది వాసనొస్తుంది, వేరే అంగీ ఇయ్యాల్నా?" అని అడిగాను. మా ఆయన నా వైపు తిరిగి, వద్దన్నాడు.